నారందుకో యాదమ్మా

యాదమ్మక్కకు,

నీ చెల్లె సునీత మీర్‌పేట్ నుంచి దండాలు పెట్టి రాసేది. మీరంతా ఆరోగ్యంగా ఉన్నారనుకుంటున్నాను. బావ మోకాలి నొప్పి ఎట్లుంది? ఇక్కడ మేం బాగున్నాం, అమ్మ కూడా రెండు పూటలా తింటోంది, నువ్వు రంది పెట్టుకోకు. ఫోన్‌లో అయితే నువ్వు ఏడుస్తావు, నీ ఏడుపు విని నేను ఏడుస్తాను, చెప్పాల్సింది ఉండిపోతుంది. అందుకే రాస్తున్నాను. చిన్నదానితో మెల్లగా చదివించుకో.

కొత్త ఇంటికి ఇంకా అలవాటు పడలేదు. కిరాయికి దొరికింది రెండు గదులే గానీ కింది వాటా, అమ్మకు మెట్ల బాధ లేదు. పొద్దున షేర్ ఆటోలో ముడుచుకుని దిల్‌సుఖ్‌నగర్ పోతాను. కోచింగ్ సెంటర్ అడ్మిషన్ల కౌంటర్లో సాయంత్రం దాకా వచ్చినవాళ్లందరికీ చెప్పిందే చెప్పాలి. పగలు అమ్మను ఎదురింటి రాజ్యలక్ష్మి గారు కనిపెట్టుకుని ఉంటారు. గుంటూరు వైపు ఆమె, మంచి మనిషి. నేను గొంతు పోయి ఇంటికొచ్చేసరికి అమ్మ గోడవైపు చూస్తూ ఉండేది. పక్షవాతం వచ్చి నాలుగు నెలలు, మొన్నటిదాకా ఒక్క మాట లేదు.

దవాఖానలో డాక్టరమ్మ ఒక మాట చెప్పింది. మాట పోయినవాళ్లలో కొందరికి పాట పోదట, పాత పాటలు పాడించి చూడమంది. ఎంత సంబరపడ్డానో! నాట్లప్పుడు పాట ఎత్తుకునేది మన అమ్మే కదా. ఫోన్‌లో జానపదాలు వెతికి పెట్టాను. ఆ పాటల్లోని కీబోర్డు మోతకు అమ్మ మంచి చెయ్యి చెవి మీద పెట్టుకుంది. నాకు వచ్చిన నాలుగు ముక్కలు నేనే పాడాను. పెదవి కదల్లేదు. ఒకరోజు విసుగొచ్చి, నోరు తెరవవే అని అరిచాను కూడా. నువ్వు తిట్టినా పడతాను.

నా తప్పు రాజ్యలక్ష్మి గారే పట్టుకున్నారు. “ముందుపాట మీ అమ్మగారిదని మీరేగా చెప్పారు? అది మీరు పాడేస్తే ఆవిడేం చేస్తుందమ్మా? మీరు వెనక అందుకోవాలి” అన్నారు. ఇంత చదువు చదివి ఆ మాత్రం తట్టలేదు నాకు.

ఆదివారం మధ్యాహ్నం పై వాటా ఆడవాళ్లిద్దరినీ ఆమే పిలిచారు. నల్లా దగ్గర తగాదాపడి వాళ్లకూ ఈమెకూ నెలరోజులుగా మాటల్లేవు. అయినా వచ్చారు. అమ్మ కుర్చీ పక్కన వరసగా కూర్చుని, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, ఉయ్యాలో ఉయ్యాలో అని వంత మాత్రం పాడుతూ పోయాం. ముందుపాట ఎవరూ ఎత్తుకోలేదు. అమ్మ చాలాసేపు విన్నది. తర్వాత గొంతు సవరించుకుంది. వంకరపోయిన ఆ మూతితోనే “నారందుకో సాయమ్మా” అని ఎత్తుకుంది, అక్కా!

నీకు తెలియనిదేముంది. ఆ పాటలో నారు కట్ట అందిస్తూ అమ్మ వరసలో ఉన్నవాళ్లను ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలవాలి, పిలిచినామె ‘అందుకున్న’ అనాలి. అనేదాకా పాట ముందుకు పోదు. సాయమ్మ చచ్చిపోయి ఎన్నేళ్లయిందో. రాజ్యలక్ష్మి గారు ఆమెకు బదులు తన యాసలో “అందుకున్నానండీ” అన్నారు. అందరం పగలబడి నవ్వాం. లచ్చమ్మకు, అంజమ్మకు పై వాటావాళ్లు పలికారు. ఇప్పుడు రోజూ సాయంత్రం నేను రాగానే వాళ్లు ముగ్గురూ వస్తున్నారు, కూర గిన్నెలు కూడా అటూఇటూ తిరుగుతున్నాయి.

కానీ అంజమ్మ తర్వాత పేరు నీది. నీకు బదులు ఎవరినీ పలకనివ్వలేదు నేను. అది నీ జాగా. అమ్మ రోజూ “నారందుకో యాదమ్మా” అని వాకిలి వైపు చూస్తుంది. మళ్లీ పిలుస్తుంది. మూడోసారికి కళ్లనీళ్లు పెట్టుకుని ఆగిపోతుంది. నిన్ను రమ్మందామంటే పత్తి ఏరుడు, గొడ్లు, బావ మోకాలు. నన్నేం చెయ్యమంటావు?

నిన్న చూడలేక నేనే “అందుకున్ననే” అన్నాను.

పాట కదిలింది. భారతమ్మ, ముత్తమ్మ, గట్టు చివర ఎంకటమ్మ దాకా పోయింది. నా పేరు రాలేదు. ఎందుకొస్తుంది? బురద నీకొద్దు బిడ్డా అని ఆరేళ్లకే హాస్టల్లో వేసింది కదా. ఆ వరసలో నేనెప్పుడు నిలబడ్డాను గనక? తెలుసు. అయినా చివరి పేరు దాకా ఎదురుచూశాను.

పాట అయిపోయాక అమ్మ చెయ్యి చాపి నా తల నిమిరింది. పాట కాని మొదటి మాట అప్పుడు అన్నది.

“యాదీ, ఎప్పుడొచ్చినవే?”

“ఇప్పుడేనే అమ్మా” అన్నాను.

పొద్దున లేచినప్పటి నుంచి యాదీ అనే పిలుస్తోంది. నీళ్లడుగుతోంది, ఎడ్లకు మేతేసినవా అంటోంది. సునీతనే అమ్మా అందామంటే, మళ్లీ మాట పోతుందేమోనని భయం. అనకపోతే ఈ ఇంట్లో నేనే లేకుండా పోతున్నాను. రాజ్యలక్ష్మి గారు ఓపిక పట్టమంటున్నారు, డాక్టరమ్మ ఏమీ చెప్పలేనంది.

బావకు, మీ అత్తమ్మకు నా దండాలు చెప్పు. పిల్లలకు ముద్దులు. నా నెత్తిన చెయ్యి పెట్టి దీవించు. వీలు చేసుకుని రెండు రోజులు రా. నువ్వు వచ్చి ఆమె ముందు నిలబడ్డాక నన్ను ఎవరని పిలుస్తుందో నాకు తెలియదు. అయినా రా అక్కా.

నీ చెల్లె,
సునీత