చెల్లి పేరు మీద మీ రిపోర్టు

బాబాయ్,

చెల్లి కెరీర్ రిపోర్టు ఏమైందని రోజూ ఫోన్ చేస్తున్నారు కదా, ఇదిగో పంపుతున్నాను. ఆ రోజు నా కౌన్సెలింగ్ ఆఫీసులో దాన్ని అడిగిన ప్రతి ప్రశ్నకీ పక్కన కూర్చుని మీరే జవాబు చెప్పారు. అది నోరు తెరిచింది ఒక్కసారే, ఫ్యాను తగ్గించమని. ప్రశ్నపత్రం నింపిందీ మీరే. రోజంతా ఇలాంటి నాన్నలతో వాదించీ వాదించీ నా ఓపిక అయిపోయింది, అందుకే ఉన్న జవాబులకే మార్కులు వేసేశాను. మీరనుకున్న ఇంజినీరింగ్ రాలేదు, వడ్రంగం వచ్చింది. ముప్పై ఏళ్లు బ్యాంకులో చేశారు, మిమ్మల్ని ఈ ప్రశ్నలు ఎవరూ అడగలేదనుకుంటా.

గురువారం చెల్లిని ఒక్కదాన్నే పంపండి. మీకింకా చెప్పాలని ఉంటే, శుక్రవారం మీరు రండి.

మీ అన్నయ్య కూతురు