గ్రేడరు స్టీరింగులో నేను వేసిన రెండు వాషర్లు

రహదారి యంత్రాల విభాగం ఇంజనీరు గారి సముఖమునకు షెడ్డు మెకానిక్కు పెట్టుకొను అర్జీ.

విషయం: ప్రమాద విచారణ నివేదికలో "డ్రైవరు అజాగ్రత్త" అను మాట కొట్టివేసి తప్పు నా మీద రాయుట, స్టీరింగు రిలీఫ్ వాల్వులు మార్పించుట గురించి.

అయ్యా,

నా చేతిరాత తమరికి తెలియనిది కాదు. కిందటిసారి నా సెలవు చీటీ చదవలేక తిప్పి పంపారు. కనుక దీనిని చేయి తిరిగినవారి చేత రాయించుచున్నాను. మాటలు మాత్రం నావే.

1. ప్రమాదమునకు గురియైన, రోడ్డు చదును చేసే గ్రేడరులో, స్టీరింగు చివరిదాకా తిప్పినప్పుడు ఒత్తిడి హద్దు మీరకుండా నూనెను ట్యాంకులోకి వదిలేది రిలీఫ్ వాల్వు. దాని స్ప్రింగు నీరసించినది. నూనె ముందే జారిపోవుటచే స్టీరింగు బిగిసిపోయేది.

2. కొత్త వాల్వు కొరకు మూడు అర్జీలు పెట్టితిని. మొదటిదానికి "పరిశీలనలో ఉన్నది" అని, రెండవదానికి "మొదటిదాని ప్రతి జతపరచుము" అని జవాబు. మూడవదానికి వాల్వే వచ్చినది. అది రోడ్డు రోలరుది, గ్రేడరుకు పట్టదు. అయినను రిజిస్టరులో "వాల్వు సరఫరా అయినది" అని ఎక్కినది గనుక నాలుగవ అర్జీకి వీలు లేదన్నారు.

3. సదరు గ్రేడరు డ్రైవరు మా అక్క భర్త. "ఒరేయ్, భుజాలు పడిపోతున్నాయిరా, ఏదో ఒకటి చెయ్యి" అని రోజూ అనేవాడు. స్ప్రింగు బిగువెక్కుటకు దాని వెనుక ఒక వాషరు వేసితిని. చాలలేదు. రెండవది వేసితిని. ఒత్తిడి కొలవలేదు, షెడ్డులో గేజి లేదు. మరునాడు బావ "ఒంటి చేత్తో తిరుగుతోంది, నీ చేతి చలవరా" అని భుజం తట్టాడు. ఏం చేశావని అడగలేదు. నేను చెప్పలేదు.

4. పదకొండవ రోజున దిగుడు మలుపులో స్టీరింగు చివరిదాకా తిప్పగా, వాల్వు తెరుచుకోక నూనె గొట్టం పగిలినది. యంత్రం కాలువలో పడినది. డ్రైవరు కుడికాలు మోకాలి కింద తీసివేసినారు.

5. వాషర్ల మాట ఏ రిజిస్టరులోనూ లేదు. కనుక యంత్రం సవ్యంగా ఉన్నదని, డ్రైవరే ఆలస్యంగా తిప్పాడని విచారణలో తేల్చినారు. బావ కూడా అదే నమ్ముతున్నాడు. "నేనే లేటుగా తిప్పానేమోరా" అంటాడు. నేను మంచం పక్కన కూర్చుని వింటాను. టీ తాగుతాను. ఇంటికి పోతాను. ఏడుపు రావడం లేదు. ఆకలి వేస్తోంది, నిద్ర పడుతోంది. దీనిని కూడా ఫిర్యాదుగానే తీసుకొనవలెను.

కావున నివేదిక దిద్దించి, మిగతా గ్రేడర్లకు సరైన వాల్వులు, షెడ్డుకు ఒక గేజి ఇప్పించ ప్రార్థన. ఆ గ్రేడర్లలో రెండింటికి కూడా ఇటులే నేను వేసిన వాషర్లు నిన్ననే తీసివేసితిని. స్టీరింగులు మళ్ళీ బిగిసినవి. డ్రైవర్లు తిట్టుచున్నారు.

ఈసారి జత చేయుటకు వేరే కాగితములు లేవు, ఇదే చిత్తగించవలెను.

తమ విధేయుడు,
షెడ్డు మెకానిక్కు

మరొక్క మాట: ఇది నా చేతిరాతే, ఓపిక చేసుకుని చదవండి. పైదంతా రాసింది మా బావ. షెడ్డులో అందరి అర్జీలూ ఆయనే రాస్తాడు. మొహం చూసి చెప్పలేక ఇలా రాయించాను. విషయం ఆఖర్న చెబుతానని పైన జాగా వదిలించాను. మూడో నంబరు దగ్గర కలం ఆగింది. కాసేపటికి "ఊఁ, తర్వాత?" అన్నాడు. ఆ తర్వాత ఎక్కడా ఆగలేదు. అంతా అయ్యాక, నేను చెప్పకుండానే పైన విషయం తనే నింపాడు. కాగితం నా వైపు తోసి, "ఒక్క ముక్క చెప్పుంటే ఆ మలుపులో మెల్లగా తోలేవాణ్ణి కదరా" అన్నాడు. సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించాడు.