సుజాత మెయిల్‌బాక్స్

ఆత్మకూరు, మంగళవారం రాత్రి

ఈరోజు మా ఆఫీసు పాత మెయిల్ సర్వర్‌ను తొలగించాను. కొన్ని నెలలుగా పాతదీ కొత్తదీ కలిసి నడుస్తున్నాయి. పాతదానిలో ఒక్క మెయిల్‌బాక్స్ మిగిలినా మెయిల్ నడిపే ప్రోగ్రామ్‌ను తీసేయడానికి అది ఒప్పుకోదు. అందరివీ కొత్తదానికి మార్చాను. నా భార్య సుజాతది మార్చలేదు. మారిస్తే ఎప్పుడో ఒకరోజు తెరుస్తానని భయం. పోయిన మనిషి మెయిల్ ఆఫీసుకు ఎందుకని నాకు నేనే చెప్పుకొని, బ్యాకప్ కూడా ఉంచకుండా చెరిపేశాను. తర్వాత ఆ ప్రోగ్రామ్‌ను తీసేసి డిస్కు కూడా తుడిచేశాను.

మధ్యాహ్నం ఉదయగిరి నుంచి షమీమ్ ఫోన్ చేసింది. కొయ్య గరిటెల ఆర్డర్లు చూసే మా ఉదయగిరి ఆఫీసులో సుజాత పక్క కుర్చీ ఆమెది.

"ఏంది అన్నా, అక్క మెయిల్ తెరుచుకోవడంలా?"

"నువ్వెందుకు తెరుస్తున్నావమ్మా?"

"అక్కే పాస్‌వర్డ్ చెప్పింది. ఒంట్లో బాగలేనప్పుడు రాసి, పంపకుండా పెట్టుకున్నవి ఉండాయి. రోజుకొకటి చదువుకుంటా. మీకు రాసినవి గూడా ఉండాయి. ఇమ్మని చెప్పలా, అందుకే నేను నోరెత్తలా."

చెరిపేశానని చెప్పాను.

"నన్ను ఒక్క మాట అడగాల్సింది అన్నా" అంది షమీమ్. "సర్లే, ఒకసారి రాండి. గుర్తున్న కాడికి చెప్తాను."

పని ఉందని ఫోన్ పెట్టేశాను. పని ఏమీ లేదు. ఆమెకు మాత్రం ఎన్ని మాటలు గుర్తుంటాయి? వాటిలోనూ రోజూ కొన్ని పోతూనే ఉంటాయి. రేపు సెలవు పెట్టి మొదటి బస్సుకే వెళ్లాలి.