చీటీ గీకేసిన రికార్డు

ఫిలడెల్ఫియా,
జులై 19, 1976

ప్రియమైన తమ్ముడు క్లియోటిస్‌కి,

"ప్రియమైన" అని అలవాటు కొద్దీ రాశాను, పొంగిపోకు. డాన్సు హాలు వాళ్ళు మా బ్యాండుని మానిపించేశారు. ఎనిమిదేళ్ళుగా ప్రతి శనివారం వాయిస్తున్న ఆరుగురం వీధిన పడ్డాం. మా చోట ఎవణ్ణి పెట్టారో తెలుసా? రెండు రికార్డు ప్లేయర్లు ముందేసుకుని కూర్చునే ఒకణ్ణి. "న్యూయార్కులో ఇప్పుడంతా ఇదేనమ్మా" అన్నాడు మేనేజరు, నాకేదో శుభవార్త చెబుతున్నట్టు.

న్యూయార్కంటే మీ బ్రాంక్సే కదా! సగం ఊరు తగలబడిపోయిన చోట, ఇటుకల కుప్పల మధ్య మీరు వెలగబెట్టిన ఘనకార్యం ఇదా? ఇక్కడ రికార్డింగు స్టూడియోలో నలభై మందిమి పొద్దున్నుంచి సాయంత్రం దాకా చెమటోడిస్తే ఒక్క పాట పుడుతుంది. మీరు దాని మీద సూది పెట్టి, మేమే పుట్టించామని ఎగురుతారు. సొమ్మొకడిది సోకొకడిది. సిగ్గులేదురా? ఇల్లు వదిలి పోతూ పోతూ నా రికార్డు ప్లేయరు కూడా ఎత్తుకుపోయావు.

డ్రమ్స్ తప్ప నాకింకో పని చేతకాదని నీకు తెలుసు. ఇప్పుడు నేనేం చెయ్యాలో నువ్వే చెప్పు.

పళ్ళు కొరుకుతూ,
నీ అక్క ఐవరీ


బ్రాంక్స్,
జులై 24

ప్రియమైన అక్కా,

ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ ఉత్తరం. మీ పాటకి జనం లేచి ఆడకపోతే అది నా తప్పా?

మీ ఫిలడెల్ఫియా పాటలు పాకం ఎక్కువైన మిఠాయిలు. ఇస్త్రీ నలగని మగాళ్ళు, అరడజను వయొలిన్లు, "నువ్వు లేక నేను లేను" అని ఒకటే ఏడుపు. మాకు అందులో కావలసింది పాడేవాడు నోరు మూసుకుని, డ్రమ్ములు మాత్రం మిగిలే ఆ కాసేపే. ఒకే రికార్డు రెండు కొంటాం. ఒకదాంట్లో ఆ ముక్క అయిపోయేలోపు రెండోదాంట్లో ఎత్తుకుంటాం. తొమ్మిది సెకన్లని తొమ్మిది నిమిషాలు చేస్తాం. వీధిదీపం స్తంభంలోంచి కరెంటు లాగి పార్కులో ఐదొందల మందిని ఆడిస్తాం. రేపు లోకమంతా మా దారికే వస్తుంది, రాసిపెట్టుకో.

నా దగ్గర అలాంటి రికార్డు ఒకటుంది. పాత సరుకు పెట్టెలో రెండు కాపీలు దొరికాయి. ఆ డ్రమ్ముల ముక్క దుకాణంలో ఒక్కసారి వినగానే ఒళ్ళు ఝల్లుమంది. నాకు పోటీగా రికార్డులు తిప్పే పెర్నెల్ గాడి మనుషులు నా వెనకే నిలబడ్డారని పేరు కూడా చదవలేదు. ఇంటికి తెచ్చి, స్నానాల తొట్టిలో నానబెట్టి, మధ్యలో ఉండే చీటీలు గీకేశాను. ఇక్కడ అందరం అంతే. ఏ రికార్డో పక్కవాడికి తెలిసిందంటే మన పని గోవిందా.

ఆగస్టు 14న పెర్నెల్‌తో పోటీ. ఓడినవాడు పార్కు వదిలిపెట్టాలి. ఆ ముక్క క్యాసెట్టులో ఎక్కించి పంపుతున్నా, విను. ఇలా వాయించే మొనగాడు మీ ఊళ్ళో ఒక్కడుంటే చూపించు, నీ రికార్డు ప్లేయరు నెత్తిన పెట్టుకుని తెచ్చిస్తా.

ఇట్లు,
నువ్వు ఎందుకూ పనికిరాడన్న క్లియోటిస్


బ్రాంక్స్,
ఆగస్టు 2

అక్కా,

ఏం, నోరు పడిపోయిందా? క్యాసెట్టు విన్నాక మాట రావడం లేదు కదూ! ఓడిపోయానని ఒక్క ముక్క రాసెయ్, నేనేమీ అనుకోను.

క్లియోటిస్


ఫిలడెల్ఫియా,
ఆగస్టు 5

క్లియోటిస్‌కి,

విన్నాను. నాలుగు రోజులు అదే పనిగా విన్నాను.

ఆ మొనగాడు నేనేరా.

ఏడేళ్ళ కిందటి మాట, స్టూడియోలో ఆ పాట రికార్డు చేస్తున్నాం. ట్రంపెట్ లూథర్‌కి దగ్గు తెర వచ్చి బయటికి పరిగెత్తాడు. మిగతావాళ్ళు చేతులు ఆపేశారు. నేను ఆపలేదు. వాడు తిరిగొచ్చేదాకా ఒక్కదాన్నే లాక్కొచ్చాను. బాగుందని అలాగే ఉంచేశారు. పదకొండో దెబ్బ తర్వాత కిర్రుమంటుంది, విను. అది నా స్టూలు. పాట అమ్ముడుపోలేదు, అందరూ మర్చిపోయారు.

నా పేరు ఆ చీటీ మీద ఎప్పుడూ లేదు. మా వాయించేవాళ్ళ పేర్లు ఎవడు వేస్తాడు? పాడినవాడి పేరుంది, మా ఊరి పేరుంది. నువ్వు ఆ ఊరి పేరు కూడా ఉంచకుండా గీకేశావు. అమ్మ పోయాక నిన్ను మంచం మీద పడుకోబెట్టి, పక్కనే దిండ్ల మీద సాధన చేసిన చెయ్యిరా ఇది. నీ చెవికి ఆనలేదా? నాకు ఏడుపొస్తోంది, నిన్ను చంపెయ్యాలనీ ఉంది.

డ్రమ్స్ అమ్మకానికి పెట్టాను. కొనేవాడు 21న, శనివారం వస్తాడు. నీకు చీమూ నెత్తురూ ఉంటే ఆ పార్కులో మైకు పట్టుకుని నా పేరు చెప్పు. చెప్పవు. చెబితే మీ బతుకులు తెల్లారతాయి కదా!

ఐవరీ


బ్రాంక్స్,
ఆగస్టు 15

అక్కా,

చెప్పాను.

నిన్న ఆ ముక్క వెయ్యగానే పార్కు ఊగిపోయింది. తొమ్మిది నిమిషాలు కాదు, పదిహేను నిమిషాలు తిప్పాను. పెర్నెల్ తనే వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వే గెలిచావు, ఒప్పుకుంటున్నా. ఇంతకీ ఎవడు వాడు?" అన్నాడు. ఆ మాట ఎవరూ అడగరు, అడిగినా ఎవరూ చెప్పరు. ఊరు పేరు తెలిస్తే చాలు, ఆ రికార్డుని వారంలో వెతికి పట్టుకుంటారని నాకు తెలుసు. అయినా మైకు తీసుకున్నాను. "మా అక్క. ఐవరీ టోల్బర్ట్. ఫిలడెల్ఫియా" అన్నాను.

నవ్వారక్కా. ఐదొందల మందీ పొట్ట పట్టుకుని నవ్వారు. "ఆడది వాయించిందట, అదీ ఫిలడెల్ఫియాదట! రహస్యం దాచడానికి పాపం అక్కని అడ్డం పెట్టుకున్నాడు" అని పెర్నెల్ మైకులో అరిచాడు. నా స్పీకర్లు మోసే వర్డెల్ కూడా నవ్వాడు. పార్కు నాకే దక్కింది. దాన్నేం చేసుకోను? నేనబద్ధం చెప్పానని ఊరంతా సంతోషంగా ఉంది.

మీ వయొలిన్లు నాకిప్పటికీ అసహ్యమే. నీ తిట్లు ఒక్కటీ మర్చిపోలేదు. దిండ్ల మీద విన్న దరువుని గుర్తుపట్టని వెధవనని నువ్వంటే పడతాను. వాళ్ళు నిన్ను చూసి నవ్వితే మాత్రం పడను.

శుక్రవారం మధ్యాహ్నం ట్రక్కు తీసుకుని వస్తున్నా. శనివారం ఆ ఐదొందల మంది ఎదుట నువ్వు కూర్చుని వాయించాలి. కొనేవాడు నాకంటే ముందొస్తే తలుపు తియ్యకు.

నీ తమ్ముడు,
క్లియోటిస్