ముందుభాగం అతికించాం

చిరంజీవి అమ్మాయికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ మీ అమ్మా నేనూ బాగానే ఉన్నాం, అంటే తింటున్నాం, పడుకుంటున్నాం. నువ్వూ అల్లుడూ కులాసా అని తలుస్తాను.

నా దగ్గు గురించి అడిగావు. తగ్గింది. షెడ్డులో కార్ల ఫైబర్ భాగాలు రుద్దేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకోమని మీ అమ్మ ప్రాణం తోడేస్తుంటే కట్టుకుంటున్నాను. ఆ పాతకాలం కారు ఇంకా పూర్తి కాలేదేమని కూడా అడిగావు. దానికే వస్తున్నాను.

నీ తమ్ముడు ఆ జ్వరంలో పోయినప్పటినుంచి మీ అమ్మ వాడి ఊసెత్తలేదు. కంటతడి పెట్టలేదు. పలకరించడానికొచ్చిన ఒకావిడ "గుండె రాయి చేసుకుంది" అంటే నాకు ఒళ్లు మండింది. కానీ లోపల నాకూ భయమే, ఈవిడేమైపోతుందోనని.

ఇక దాచలేను తల్లీ. ఆ కారు ముందుభాగం అతికించే గమ్ ఎప్పుడో వచ్చింది. డబ్బా బల్ల కింద తోసేసి, నీకూ ఆ కారు సొంతదారుకీ రాలేదని అబద్ధం చెప్పాను. ఫైబర్ ముందుభాగాన్ని మొదట స్క్రూలతో బిగించి చూసుకుంటాం. తలుపుల దగ్గర సందు సమంగా వచ్చేదాకా రుద్ది, విప్పి, అప్పుడు గమ్‌తో అతికిస్తాం. ఆ సందు సరిచేసింది తమ్ముడే. వాడు పోయాక నేను రోజూ దాన్ని బిగించడం, విప్పడం. అతికిస్తే పగలగొడితే తప్ప ఊడదు. వాడి పని అయిపోతుంది. నాకు చేతులు రాలేదు.

నిన్న మీ అమ్మ ఆ డబ్బా తీసి నా ముందు పెట్టింది. "కలపండి. రెండో పక్క నేను పట్టుకుంటా."

"నీకేం తెలుసే?"

"ఇన్నేళ్లూ ఈ కంపుతోనేగా కాపురం చేశా!"

గమ్ రాసి కూర్చోబెట్టాం. తన పక్క అదిమి ఉంచే క్లాంపు జారిపోయింది. "గట్టిపడేదాకా రెండు చేతులతో అదిమి పట్టు" అని అరిచాను. నా పక్క నేను పట్టుకున్నాను. కాసేపటికి మీ అమ్మ, "వాడైతే ఈపాటికి ఏదో కూనిరాగం తీసేవాడు కదండీ" అంది. అని బావురుమంది. కళ్లూ ముక్కూ ఏకధార. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. నేను వెళ్దామంటే నా పక్క జరిగిపోతుంది.

"పోతే పోనీ, వదిలెయ్యవే" అన్నాను.

"నోరు మూసుకుని పట్టుకోండి! వాడు సరిచేసిన సందు చెడనిస్తానా?"

పట్టుకున్నాం. ఏడుస్తూనే ఇద్దరం పట్టుకున్నాం. చక్కగా అతికింది.

అప్పటినుంచి మీ అమ్మ వాడి గురించి మాట్లాడుతూనే ఉంది. ఒకసారి వచ్చి వెళ్లమ్మా. నేనొక్కణ్ణే వినలేకపోతున్నాను.

ఇట్లు,
నీకోసం ఎదురుచూసే
మీ నాన్న