ట్యాంకు అడుగున ఎర్ర రంగు

బావా,

నువ్వు పోయి ఏడాదైందని ఇవాళ మీ ఇంట్లో ప్రార్థన పెట్టారు. అందరూ పాడుతుంటే నేను కుదురుగా కూర్చోలేకపోయాను. మనసంతా రొయ్యల చెరువు గట్టు మీద, ఇంజనుకి డీజిల్ పోసుకునే మన ఇనప ట్యాంకు దగ్గరే ఉంది.

మొన్నటి వానకి దాని కింద ఇటుకలు ఓ పక్క దిగబడ్డాయి. మీ అమ్మాయి ఆ సందులో కొబ్బరి డొక్కలు కుక్కించి, ట్యాంకుకి పైన కొత్త రంగు వేయించింది. డొక్కలో పీచు ఉప్పుతడిని పీల్చి పట్టుకుంటుంది కదా. అడుగు తుప్పుపట్టి చిల్లు పడితే డీజిలంతా చెరువులోకే. రొయ్యలు చూస్తే పట్టుబడికొచ్చాయి. రోజూ గట్టు చుట్టూ తిరిగాను గానీ, మీ అమ్మాయికి చెప్పడానికి నోరు పెగల్లేదు. "నోట్లో కొబ్బరిముక్క పెట్టుకున్నావేంటి బావా" అనేవాడివి నువ్వు.

భోజనాల దగ్గర ఇక ఆగలేక, "ఆ డొక్కలు తీసి అవతల పారెయ్యవే!" అని అరిచేశాను. అందరూ తిరిగి చూశారు. వడ్డిస్తున్నదల్లా ఆగి, "ఆయ్, తీయించేస్తానండి మావయ్యా. అచ్చం నాన్నగారిలాగే తిట్టేరు" అని నవ్వింది.

సాయంత్రమే ట్యాంకు ఖాళీ చేసి పక్కకి ఒరిగించాం. డొక్కలు తగిలినచోట తుప్పు పెచ్చులుగా లేచింది. అంతా గోకేశాను. మిగతా అడుగున నువ్వు పూసిన ఎర్ర రంగు, నీ బ్రష్షు గీతలతో సహా అలాగే ఉంది.

దాని మీద కూడా కొత్త రంగు పడాలి. డబ్బా మూత తీసే ఉంచాను. మబ్బు పడుతోంది. ఇంకా వెయ్యలేదు.