కుంటే గుర్రానికి సూది, పడ్డ జాకీ మీద నేరం

పందేల తనిఖీ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: కాలు వాచిన గుర్రాలకు నొప్పి తెలియకుండా సూదిమందు వేసి పందెంలోకి దించుట, నా తమ్ముడు పడిపోవుట, నేరం వాడిపైనే మోపుట గురించి.

మనవి చేసుకొనునది ఏమనగా, నేను పందెపు గుర్రాల శాలలో రోజూ ఉదయం గుర్రాలెక్కి కసరత్తు చేయించే పనిలో ఉన్నాను. నా తమ్ముడు అదే శాలకు జాకీ.

1. కిందటి నెల తమ్ముడు ఎక్కవలసిన నల్లగుర్రానికి ముందుకాలు వాచియున్నది. సదరు విషయం ట్రైనరు గారికి ముందుగానే తెలియజేసియున్నాను. శాల డాక్టరు గారు వచ్చి సూది వేసినారు. కుంటడం ఆగిపోయినది.

"చూశావా, లేడిపిల్లలా ఉంది!" అన్నారు ట్రైనరు గారు.

"నొప్పి పోయింది గానీ దెబ్బ పోలేదు కదండీ."

"ఎక్కేది నువ్వు కాదుగా, నీకెందుకు?"

అవును, ఎక్కేది నేను కాదు. నా తోడబుట్టినవాడు.

2. చివరి మలుపులో సదరు గుర్రం కాలు విరిగినది. నొప్పి తెలిసి ఉంటే అదే నెమ్మదించేది. తెలియనివ్వలేదు కదా! తమ్ముడు కిందపడితే వెనక వచ్చే గుర్రం వాడి నడుము తొక్కుకుంటూ పోయింది. నల్లగుర్రానికి చుట్టూ తెర కట్టి అక్కడే ప్రాణం తీశారు. రక్తం తీయమని కాళ్లావేళ్లా పడితే, "చచ్చినదానికి పరీక్షేంటమ్మా?" అన్నారు తమ సిబ్బంది. బతికుండగా చేయరు, చచ్చాక చేయరు. మరి ఎప్పుడు చేస్తారండీ?

3. విచారణలో "జాకీ అజాగ్రత్త" అని తేల్చడమైనది. తమ్ముడు మంచంలో ఉన్నాడు, కాళ్లు కదలవు. విచారణలో తేల్చిన సంగతి వాడికి చెబితే, "కళ్లెం నేనే ఎక్కువ లాగానేమో అక్కా" అని వెక్కివెక్కి ఏడ్చాడు. అబద్ధం రాశారు, సరే. దాన్ని వాడి చేత కూడా నమ్మించారు. ఇది మాత్రం ఈ జన్మలో మరచిపోను.

4. ఇప్పుడు అదే శాలలో గోధుమరంగు ఆడగుర్రానికి అదే వాపు, అదే సూది. ఈ మధ్యాహ్నమే పందెం. డాక్టరు గారిని నిలదీస్తే, "ఏం చేయనమ్మా, పిల్లలు గలవాణ్ణి" అన్నారు. మా అమ్మకీ పిల్లలున్నారయ్యా.

కావున తమరు వెంటనే సదరు ఆడగుర్రం రక్తం తీయించి, దానిని పందెం నుండి తప్పించి, సూది వేసినవారిపైనా వేయించినవారిపైనా చర్య తీసుకొని, నా తమ్ముడిపై మోపిన నేరం కొట్టివేయించగలరు. ఇంకొకడు పడకముందే చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
జాకీ అక్క

తా.క.: అర్జీ పట్టుకొస్తే మీ గుమాస్తా గారు సోమవారం రమ్మన్నారు. ఈ గుర్రం సోమవారం దాకా ఉండాలి కదండీ! అందుకే శాలకు పోయి దాన్నే నడిపించుకొచ్చాను. శాలకూ మీ ఆఫీసుకూ మధ్య ఉన్నది ఒక్క కంచే. ఇదిగో, మీ మెట్ల ముందు నిలబడి, కాగితం గోడకు ఆనించి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. ట్రైనరు బూతులు తిడుతున్నాడు. డాక్టరు తల వంచుకున్నాడు. పందేనికొచ్చిన జనం మూగారు. మందు దిగిపోతోంది, ఆడగుర్రం కాలు నేలకు ఆన్చలేక వణుకుతోంది. ఇవాళ దీన్నెవడూ పరిగెత్తించలేడు, అది తేలిపోయింది. మిగతాది మీరు తేల్చాలి. కళ్లెం నా చేతిలోనే ఉంది. ఎవరొచ్చినా వదలను. ఆ కుర్చీలోంచి లేచి బయటికి రండయ్యా!